వంటింటి గొట్టం ఎందుకు కూసింది?



ఈ పూట మీతో గాలి గురించీ, ధ్వని గురించీ కాసేపు మాట్లాడదామని వచ్చాను. "అబ్బే, సైన్సు పాఠమా! మాకెందుకమ్మా ఇప్పుడు?" అని అప్పుడే లేచిపోకండి. పొయ్యి మీద పాలు పెట్టుకునే వినండి, ఫరవాలేదు. నేను చెప్పబోయే సంగతి కాలేజీ లేబరేటరీలో మొదలైంది కాదు. విజయవాడలో మా ఫ్లాటులో, మా వంటింట్లో, వంకాయ వేపుడు దగ్గర మొదలైంది.

రెండేళ్ళ క్రితం మేమూ అందరిలాగే వంటింట్లో చిమ్నీ పెట్టించుకున్నాం. పొగ పోతోంది, గోడలకు జిడ్డు పట్టడం లేదు, అంతా బాగానే ఉంది. కాకపోతే రెండో స్పీడు దాటి మూడో స్పీడులో పెట్టామంటే దాని హోరుకు తోడు సన్నగా ఒక కూత మొదలయ్యేది. మొదట్లో కుక్కరనుకునేదాన్ని. మూడు కూతలకు దించవలసిన పప్పును లెక్క తప్పి రెండింటికే దించేసి, పలుకు పలుకుగా వడ్డించిన రోజులున్నాయి. మా మామయ్యగారికి సంగీతం మీద మక్కువ. హాల్లో పడక్కుర్చీలో కూర్చుని, "అమ్మాయ్, మీ చిమ్నీ శ్రుతి తప్పకుండా పట్టుకుందమ్మా, తంబురా అక్కర్లేదు" అని నవ్వేవారు. మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళం.

ఒక ఆదివారం నాడు అత్తయ్యగారు గుడికి వెళ్ళారు. మావారు బజారుకు వెళ్ళారు. నేను చిమ్నీ మూడో స్పీడులో పెట్టుకుని వేపుడు చేస్తూ, పక్క పొయ్యి మీద అప్పడాలు వేయిస్తున్నాను. అన్నీ అయ్యాక స్విచ్చి కట్టేశాను. ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో స్నానాల గదిలోంచి సన్నగా వినిపించింది, "అమ్మాయ్..." అని. వెళ్ళి చూస్తే మామయ్యగారు నేల మీద ఉన్నారు. కాలు జారి పడి పావుగంట అయిందట. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. ఆయనకు 79 ఏళ్ళు. ఆస్పత్రికి తీసుకువెళుతుంటే ఆటోలో ఆయన అన్న మాట ఒక్కటే: "చాలాసార్లు పిలిచానమ్మా. నీ చిమ్నీ పాడుతోంది మరి."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒక పిన్నిగారు, "ఆ చిమ్నీ ఉంది చూశావూ, పొగతో పాటు మాటల్ని కూడా లాగేసుకుంటుందే" అన్నారు. నేను పెళ్ళికి ముందు ఫిజిక్సుతో బి.ఎస్సీ. చదివినదాన్ని. పాతికేళ్ళుగా ఆ చదువును పోపులపెట్టె వెనక దాచి పెట్టాను. ఆ మాట వినగానే ఎందుకో కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

మా చిమ్నీ గంటకు సుమారు 1000 ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని అట్టపెట్టె మీద రాసి ఉంది. ఉత్తదే అనుకోండి, గొట్టం తగిలించాక అంత లాగదు. అయినా వాళ్ళ మాటే నమ్ముదాం. ఆ గాలంతా వంటింటి గుమ్మంలోంచే రావాలంటే గుమ్మం దగ్గర గాలి వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు కూడా ఉండదు. చీమ కంటె నయం, అంతే. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంత వేగంగా పరిగెత్తే పిలుపును ఈ పిల్లగాలి లాక్కుపోవడమనేది కల్ల. మామయ్యగారి పిలుపు నా చెవి దాకా వచ్చింది. నా చెవిలో అప్పటికే చోటు లేదు, అదీ సంగతి. పెద్ద శబ్దం చెవిని నింపేస్తే చిన్న శబ్దం అందులో మునిగిపోతుంది. అందులోనూ కింది స్థాయి శబ్దాలు తమకంటె పై స్థాయి శబ్దాలను సులువుగా ముంచేస్తాయి. మన మాటల్లో అక్షరాలను విడదీసి చూపించే శబ్దాలు చాలా వరకు ఆ పై స్థాయివే.

మరి గాలి వాలుకు మైకు పాట దూరం నుంచి బాగా వినిపిస్తుందంటారే, అది అబద్ధమా? కాదు. కృష్ణ అవతలి ఒడ్డున భజన జరుగుతుంటే గాలి ఇటు వీచిన రాత్రి మనకు ప్రతి మాటా తెలుస్తుంది. ఎదురు వీస్తే తాళాలు కూడా తెలియవు. అయితే అక్కడ కూడా గాలి ధ్వనిని మోసుకు రావడం లేదు. సెకనుకు 5 మీటర్ల గాలి, 340 మీటర్ల ధ్వనికి ఏపాటి సాయం? 1857లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు అసలు కారణం చెప్పాడు. నేల దగ్గర గాలి మెల్లగా, పైన వేగంగా వీస్తుంది. అందువల్ల గాలి వాలున వెళ్ళే ధ్వని తరంగం పైభాగం ముందుకు పోయి, తల వంచినట్టు నేల వైపు వంగుతుంది. గాలికి ఎదురు వెళ్ళేది ఆకాశం వైపు లేచిపోతుంది, మన నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. అంటే గాలి ధ్వనిని మోయదు గాని దారి మళ్ళిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇక మా చిమ్నీ కూత దగ్గరకు వస్తాను. శుభ్రం చేయడానికి ఒక కుర్రవాణ్ణి పిలిపించాను. "ఈ కూత ఏమిటి బాబూ?" అంటే, "చిమ్నీ అన్నాక శబ్దం రాదా అమ్మా! మోటారుది" అన్నాడు. సరే, గొట్టం విప్పి కడుగుతున్నాడు కదా, విప్పి ఉండగానే ఒకసారి మూడో స్పీడులో వెయ్యమన్నాను. వేశాడు. మోటారు హోరు అలాగే ఉంది. కూత లేదు! అతను నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. కూత మోటారుది కాదు, గొట్టానిది.

ఆ గొట్టం మీలో చాలామంది చూసే ఉంటారు. వెండిరంగు రేకుతో చేసి, ఎటు కావలిస్తే అటు వంగేలాగా ఒళ్ళంతా ముడతలు ముడతలుగా ఉంటుంది. గొంగళిపురుగు ఒంటి మీద మడతల్లాగా ఒకే దూరంలో, ఒకే లోతులో వందల గాడులు. గొట్టం వంగడానికి పెట్టిన ఏర్పాటు అది. కాని ఒకే కొలతతో మళ్ళీ మళ్ళీ వచ్చే ఏ ఏర్పాటైనా సరే, ధ్వనికి అదొక ప్రత్యేకమైన దారి అవుతుంది.

దీనికొక ముచ్చటైన ఉదాహరణ స్పెయిన్ దేశంలో మాడ్రిడ్ నగరంలో ఉంది. అక్కడి హువాన్ మార్చ్ ఫౌండేషన్ ఆవరణలో ఎవుసేబియో సెంపేరే అనే శిల్పి నిలబెట్టిన శిల్పం ఒకటుంది. బొమ్మా కాదు, విగ్రహమూ కాదు. సన్నని ఉక్కు గొట్టాలను 10 సెంటీమీటర్ల ఎడంతో ముగ్గుచుక్కల్లాగా వరుసలుగా నిలబెట్టాడు. పేరు 'ఆర్గనో'. 1995లో అక్కడి పరిశోధకులు దీనికి ఒకవైపు శబ్దం చేసి, మరోవైపు విని చూశారు. సెకనుకు 1670 కంపనాల దగ్గర ఉన్న శబ్దం బాగా తగ్గిపోయింది. గొట్టాల మధ్య గాలి ఆడుతోంది, మనిషి చూపు ఆడుతోంది, ఆ ఒక్క స్వరానికి మాత్రం దారి లేదు! కారణం లెక్కలో ఉంది. ఆ స్వరం తరంగం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, అందులో సగం 10. ఒక్కో వరుస తరంగంలో కాస్త కాస్త వెనక్కి కొడుతుంది. తరంగంలో సగం పొడవూ వరుసల ఎడమూ సమానమైనప్పుడు, వెనక్కి కొట్టిన ఆ చిన్న చిన్న అలలన్నీ ఒకే అడుగు మీద కలిసి పెద్ద అల అవుతాయి. వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోతుంది. మిగతా స్వరాల దగ్గర ఈ కలయిక కుదరదు, అవి దాటిపోతాయి.

ఇది నిలిచిన గాలిలో మాట. గాలి పారుతుంటే ఏమవుతుంది? ఇక్కడ మనం చిన్నప్పుడు చేసిన పడవ లెక్క పనికొస్తుంది. నిలిచిన నీళ్ళలో గంటకు 10 కిలోమీటర్లు పోయే పడవ, గంటకు 5 కిలోమీటర్లు పారే ఏటిలో 15 కిలోమీటర్లు వాలుకు పోయి, మళ్ళీ ఎదురు రావాలి. వాలున వేగం 15, ఒక గంట. ఎదురున వేగం 5, మూడు గంటలు. మొత్తం 4 గంటలు. నీళ్ళు నిలిచి ఉంటే 3 గంటల్లో అయ్యేది. వాలున కలిసొచ్చినది ఎదురున పోయినదానికి సరిపోదన్న మాట. పరీక్షలో ఈ లెక్క తప్పినందుకు మా మేష్టారు నన్ను బెంచీ ఎక్కించారు గాని, అది ధ్వనికి కూడా వర్తిస్తుందని ఆయనా చెప్పలేదు.

వరుసల మధ్య ధ్వని ఒక వరుస నుంచి మరో వరుసకు వెళ్ళి, తగిలి, వెనక్కి రావాలి కదా. గాలి పారుతుంటే ఈ రానూ పోనూ ప్రయాణానికి ఎక్కువ సేపు పడుతుంది. కనుక అడ్డు తగిలే స్వరం కాస్త కిందికి దిగుతుంది. ఎంత? మాడ్రిడ్ శిల్పం మీద సెకనుకు 10 మీటర్ల గాలి వీచినా ఆ 1670లో ఒకటి రెండు కంపనాలు తగ్గుతాయి, అంతే. ఏ చెవీ పట్టలేదు. కాని గాలి వేగం ధ్వని వేగంలో సగానికి చేరిందనుకోండి, సరిగ్గా మన పడవ లెక్కే. 3 గంటల పని 4 గంటలయినట్టు, స్వరం మూడు వంతులకు పడిపోతుంది. అంత వేగం ఇళ్ళల్లో ఉండదు గాని జెట్ విమానం ఇంజనులో ఉంటుంది.

మరి ఇంటి గాలికి ధ్వనిని మార్చే శక్తే లేదంటే, నా గొట్టం ఎందుకు కూసింది? అడ్డుకోవడం వేరు, పుట్టించడం వేరు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

గొట్టంలో పారే గాలి ఒక్కో గాడి అంచు మీద నుంచి దూకుతుంది. దూకినప్పుడు గోడను ఒరుసుకునే గాలి పొర చుట్ట చుట్టుకుని చిన్న సుడి అవుతుంది. ఆ సుడి గాడిని దాటి అవతలి అంచును కొడుతుంది. ఆ దెబ్బ ఒక చిన్న శబ్దం. వేణువు అంచు మీద ఊపిరి చేసే పని లాంటిదే. ఒక్క గాడి చేసే శబ్దం ఎంత? వినపడదు. కాని వరసగా వందల గాడులున్నాయి. వాటి దెబ్బలు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు కొడితే ఉత్త హోరే. కోలాటంలో చూడండి, ఒక్కొక్కరూ ఒక్కొక్క వేళప్పుడు కోల వేస్తే అది గోల. అందరూ పాట నడకకు కోల వేస్తే వీధి చివరికి వినిపిస్తుంది. గొట్టంలో ఆ నడకను చెప్పేది గొట్టం సొంత స్వరం. ప్రతి గొట్టానికీ దాని పొడవును బట్టి కొన్ని సొంత స్వరాలుంటాయి. గాలి సుడులు గాళ్ళను దాటే వేగం ఆ స్వరాల్లో ఒకదానికి దగ్గరగా వచ్చిందంటే, గొట్టంలోని ధ్వని వెనక్కి తిరిగి సుడులకే తాళం వేస్తుంది. వందల గాళ్ళూ ఒకే తాళానికి వస్తాయి. ఇక కూతే కూత.

మా గొట్టం లెక్క కూడా చూశాను. గాడికీ గాడికీ సుమారు 8 మిల్లీమీటర్లు. మూడో స్పీడులో గాలి సెకనుకు 12 మీటర్లు అనుకుంటే సెకనుకు 1500 గాళ్ళను దాటాలి. సుడులు గాలి కంటె మెల్లగా, దాదాపు సగం వేగంతో కదులుతాయి. కనుక సెకనుకు సుమారు 700 కంపనాల స్వరం. మనిషి మాటల మధ్యలో కూర్చునే స్వరం! మామయ్యగారి పిలుపు మీదే అది కూర్చుంది.

విచిత్రం చూడండి. అదే గొట్టాన్ని గాలి లేకుండా ఒక చివర చెవి పెట్టి, మరో చివర మాట్లాడి చూస్తే ఏమీ చేయదు. గాళ్ళలో ఉన్న గాలి మెత్తదనం వల్ల ధ్వని నున్నని గొట్టంలో కంటె రవ్వంత మెల్లగా నడుస్తుంది. అంతే. కదలని గాలిలో అమాయకంగా ఉండే వస్తువు, గాలి పారేసరికి ఆ గాలి బలాన్నే తీసుకుని ధ్వనికి ఇస్తుంది. కొట్లో చూసినప్పుడు ఎవరికి తెలుస్తుంది? పైగా మాకు బిగించినవాళ్ళు రెండు మీటర్లు చాలే చోట నాలుగు మీటర్ల గొట్టాన్ని నొక్కి నొక్కి, పై కప్పు అట్టల లోపల మెలికలు తిప్పి కుక్కేశారు. గొట్టాన్ని నొక్కితే గాళ్ళు లోతవుతాయి, ఎన్నో ఎక్కువవుతాయి, గాలికి దారీ తగ్గుతుంది. పొగ పోవడం లేదని మనం స్పీడు పెంచుతాం. స్పీడు పెంచితే కూత.

మీకు ఇంకా నమ్మకం కలగకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. వాషింగ్ మెషిన్ నీళ్ళు బయటికి పోయే ముడతల గొట్టం పాతదొకటి ఉంటే కడిగి ఆరబెట్టి, ఒక చివర చేత్తో పట్టుకుని, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, రెండో చివరను తలపైన గిరగిరా తిప్పండి. లోపల కూడా ముడతలుండాలి సుమా, లోపల నున్నగా ఉంటే పాడదు. తిరిగే చివర గాలిని బయటికి విసురుతుంది, చేతిలోని చివర గాలిని పీల్చుకుంటుంది. మెల్లగా తిప్పితే ఒక స్వరం. వేగం పెంచితే స్వరం జారుతూ పైకి పోదు, మెట్టెక్కినట్టు ఠక్కున పై స్వరానికి దూకుతుంది. 80 సెంటీమీటర్ల గొట్టానికి ఆ మెట్లు సుమారు 210 కంపనాల ఎడంతో ఉంటాయి. అన్నిటికంటె కిందిది సాధారణంగా పలకదు. దాని పైదాన్ని షడ్జమం అనుకుంటే తరువాత పంచమం, ఆపైన పై షడ్జమం, ఆ తరువాత అంతర గాంధారం. ఫ్రాంక్ క్రాఫర్డ్ అనే అమెరికన్ ఆచార్యుడు 1974లో ఈ పాడే ముడతల గొట్టాల మీద ఒక వ్యాసమే రాశాడు. ఆట వస్తువు కదా అని తీసిపారేయకండి. సముద్రంలో సహజవాయువును తీసుకుపోయే పెద్ద ముడతల గొట్టాలు ఇదే తీరున కూసి, వాటికి బిగించిన సామాన్లను అదరగొట్టి, ఇంజనీర్లకు నిద్రలేకుండా చేశాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెనకు పెద్ద గాలులను తట్టుకోవడం కోసమని పాత కటకటాల స్థానంలో సన్నని పట్టీలు వేస్తే, 2020 జూన్‌లో గాలి వీచిన రోజున వంతెన మొత్తం ఊళ పెట్టింది. ఒక్క పట్టీ అయితే ఎవరికీ తెలిసేది కాదు. వేలాది పట్టీలు ఒకే కొలతలో ఉండటం వల్ల వచ్చిన తంటా అది. మన బాల్కనీలకు అల్యూమినియం పట్టీలు వేయించేటప్పుడు గుర్తుకు తెచ్చుకోదగ్గ సంగతి.

గాలి పారే దారిలో శబ్దాన్ని చంపవలసినవాళ్ళ పని మరీ కష్టం. సినిమాహాళ్ళలో, ఆస్పత్రుల్లో చల్లగాలి తెచ్చే రేకు సొరంగాల లోపల దూది లాంటి మెత్తని పలకలను వరుసగా నిలబెట్టి, వాటి మీద చిల్లుల రేకు తొడుగుతారు. ఫేను శబ్దం ఆ పలకల మధ్య నుంచి పోతూ ఇంకిపోతుంది. గాలీ ధ్వనీ ఒకే వైపు వెళితే ఒక ఫలితం, ధ్వని గాలికి ఎదురు వెళితే మరో ఫలితం వస్తుంది. ఎదురు వెళ్ళే ధ్వనికి పలకల మధ్య ఎక్కువ సేపు ఉండక తప్పదు, కనుక కింది స్థాయి హోరు ఎక్కువగా ఇంకుతుంది. పై స్థాయి శబ్దాలకు ఇది తిరగబడుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్నాను చూడండి, స్టోక్స్ చెప్పిన వంపు? సొరంగం నడుమ గాలి వేగం, గోడ దగ్గర మెల్లన. వాలున పోయే ధ్వని గోడల వైపు వంగి మెత్తలో పడుతుంది. ఎదురు పోయేది నడిమికి వంగి గోడలను తప్పించుకుంటుంది. నది ఒడ్డున భజన పాటకు జరిగిందే ఇక్కడా జరిగింది.

జెట్ ఇంజను ముందు నోటి దగ్గర ఇదే పేచీ. అక్కడ లోపలి గోడకు చిల్లుల రేకు వేసి, దాని వెనక తేనెపట్టు లాంటి గదులు అమరుస్తారు. ఒక్కో గది ఒక బుడ్డి లాంటిది. కొన్ని స్వరాలను మింగుతుంది. కాని గాలి ధ్వని వేగంలో సగం వేగంతో ఆ చిల్లుల మీదుగా ఒరుసుకుపోతుంటే బుడ్డి గుణమే మారిపోతుంది. నిలిచిన గాలిలో కొలిచిన కొలత అక్కడ చెల్లదు. అందుకే గాలి పారుతుండగానే కొలిచి తయారు చేస్తారు. మా ఇంటికి గొట్టం బిగించినవాళ్ళు కూడా ఒక్కసారి మూడో స్పీడు వేసి విని వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో!

గాలి ప్రవాహాన్ని శత్రువుగా కాక పనిమనిషిగా వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. 2014లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రోమైన్ ఫ్లూరీ, ఆండ్రియా ఆలూ, వారి తోటివారు గాజు మాదిరి గుండ్రంగా ఉండే ఒక గుల్ల తయారు చేశారు. దాని లోపల మూడు చిన్న ఫేన్లు పెట్టి గాలిని గుండ్రంగా తిప్పారు. గుల్లకు మూడు వాకిళ్ళు. మొదటి వాకిలి దగ్గర చేసిన శబ్దం రెండోదానికి వెళుతుంది, మూడోదానికి వెళ్ళదు. రెండోదాని దగ్గర శబ్దం చేస్తే మాత్రం మొదటిదానికి తిరిగి రాదు, మూడోదానికి పోతుంది. అంటే నువ్వు చెప్పింది నాకు వినిపిస్తుంది, నేను చెప్పింది నీకు వినిపించదు! మామూలుగా ధ్వనికి ఇది లేని గుణం. నిలిచిన గాలిలో నా మాట మీకు ఎంత వినిపిస్తుందో, మీ మాట నాకూ అంతే. తిరిగే గాలి ఆ సమానాన్ని చెడగొట్టింది. ఇటువంటి ఉంగరాలను తేనెపట్టులాగా పేర్చితే ధ్వని అంచు వెంబడి ఒకే వైపుకు, మలుపుల దగ్గర కూడా వెనక్కి తిరగకుండా నడుస్తుందని 2015లో లెక్కలు కట్టి చూపించారు. మా అత్తయ్యగారికి ఈ సంగతి చెబితే, "దానికి అంత యంత్రం ఎందుకే, మీ మామయ్య చెవులు పెళ్ళయిన నాటి నుంచీ అలాగే పని చేస్తున్నాయి" అన్నారు.

మా ఇంట్లో చివరకు చేసింది చాలా చిన్న పని. ముడతల గొట్టం తీసేయించి, నున్నని గట్టి గొట్టం వేయించాను. మలుపులు మూడు నుంచి ఒకటికి తగ్గాయి. మలుపు దగ్గర మాత్రం చిన్న ముక్క ముడతలది పెట్టక తప్పలేదు, దాన్ని బాగా సాగదీసి బిగించమన్నాను. సాగదీస్తే గాళ్ళు లోతు తగ్గుతాయి కదా. కూత పోయింది. పొగ రెండో స్పీడులోనే పోతోంది. హోరు ఉంది, లేదనను. గాలి పారితే కొంత హోరు తప్పదు. ఇంట్లో పెద్దవాళ్ళు స్నానాల గదిలో ఉన్నంతసేపు నేను చిమ్నీ వేయను. కాస్త పొగ పీల్చినా మునిగిపోయేదేమీ లేదు. స్నానాల గదిలో చేతికి అందేటంత ఎత్తులో, పడినా అందేటంత కిందుగా, ఒక బెల్లు కూడా పెట్టించాం.

మామయ్యగారి చేతికి ఆరు వారాలు కట్టు ఉంది. కట్టు తీసిన రోజు సాయంత్రం మా చిన్నవాడు బాల్కనీలో పాత వాషింగ్ మెషిన్ గొట్టాన్ని తిప్పుతున్నాడు. ఆయన పడక్కుర్చీలోంచి వింటున్నారు. "అది పంచమంరా. కొంచెం గట్టిగా తిప్పు." వాడు తిప్పాడు. "ఆ, పై షడ్జమం. ఇంకా గట్టిగా." వాడి చెయ్యి నొప్పి పుట్టింది కాబోలు, "తాతయ్యా, ఇక రాదు" అన్నాడు. "ఎందుకు రాదు? గాంధారం ఉంది అందులో, నాకు తెలుసు. ఇటియ్యి" అని ఆయన కట్టు తీసిన చేత్తోనే అందుకోబోయారు. నేను వంటింట్లోంచి విన్నాను. చిమ్నీ కట్టేసే ఉంది. పరుగున వెళ్ళి ఆ గొట్టం నేనే తీసుకున్నాను.